మెత్తని ప్రైమర్లు

తుపాకి పేలాలంటే ముందు ఒక చిన్న రేకు గిన్నె నలగాలి. కందిగింజంత ఉంటుంది. తూటా అడుగున, నడిమధ్యన కూర్చుంటుంది. సుత్తి వచ్చి దాన్ని కొడితే లోపలి మసాలా రాజుకుని మందును అంటిస్తుంది. మందు సీసపు గుండును తోస్తుంది. ఆ గిన్నె పేరు ప్రైమర్. గుండు గురించి, మందు గురించి గంటలు గంటలు మాట్లాడేవాళ్ళు ఏ క్లబ్బులోనైనా దొరుకుతారు. ప్రైమర్ ఊసు ఎవడూ ఎత్తడు, అది మొరాయించేదాకా.

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసి విజయవాడ ఆటోనగర్‌లో లేతు మీద నిలబడ్డవాణ్ణి. అక్క వేసిన వీసా పిటిషన్ పుణ్యమా అని నడివయసులో మిషిగన్ చేరాను. ట్రాయ్‌లో ఒక టూల్ షాపులో పని దొరికింది. రెండువేల తొమ్మిదిలో షాపు మూతపడింది. ఆ తర్వాత కార్ల విడిభాగాల గోడౌన్‌లో అట్టపెట్టెలు సర్దే పనిలో చేరాను. అక్కడ నన్ను 'మాల్' అంటారు. మల్లికార్జునరావు అని నోరు తిప్పేంత తీరిక వాళ్ళకి లేదు. మన తెలుగువాళ్ళ పార్టీల్లో అయితే ఆ ముక్క కూడా ఉండదు. ఏం చేస్తుంటారండీ అని అడుగుతారు. గోడౌన్ అనగానే ప్లేటు పట్టుకుని పక్కకి జరుగుతారు.

ఒక్క గన్ క్లబ్బులోనే నా పేరు పూర్తిగా వినపడేది. డేల్ అని రిటైరైన పోలీసాయన దాన్ని నడిపేవాడు. స్కోర్లు చదివేటప్పుడు కళ్ళజోడు సర్దుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని, నా పేరంతా చదివేవాడు. గురి అట్ట మీద పడిన చిల్లు ఎవడేం చదివాడని అడగదు. నల్లటి గుండ్రంలో పడిందా, బయట పడిందా, అంతే. అది నాకు నచ్చింది. నాకు ఇంకేం నచ్చేవి ఆ దేశంలో.

ఆ క్లబ్బు గుమ్మం పక్కన ఒక చెక్క బోర్డు ఉండేది. చలికాలంలో చుట్టుపక్కల క్లబ్బులతో పిస్టల్ లీగ్ ఆడే నలుగురి పేర్లు దాని మీద ఇత్తడి రేకులతో బిగించేవారు. రెండువేల పదమూడులో ముగ్గురు ఖాయమయ్యారు. నాలుగో చోటుకి మిగిలింది ఇద్దరం. నేనూ, కేశవరావు. అక్టోబరు శనివారం మధ్యాహ్నం మా ఇద్దరికీ పోటీ పెట్టాడు డేల్. ఆ రేకు మీద నా పేరు ఉండాలి. నాకు కావలసింది అంతే.

కేశవరావుది గుంటూరు. పెద్ద ఆటో కంపెనీలో ఇంజనీరు. నాకంటే చిన్నవాడు. నన్ను క్లబ్బుకి మొదట తీసుకెళ్ళింది అతనే. గోడౌన్‌లో ఉద్యోగం వేయించిందీ అతనే. అతను నన్ను 'అన్నా, నువ్వు' అంటాడు. నేనేమో 'కేశవరావు గారూ, మీరు' అంటాను. ఎందుకలా అని ఇద్దరం ఎప్పుడూ అనుకోలేదు.

గురి కోసం కాల్చే పిస్టల్‌కి ట్రిగ్గర్ తేలిగ్గా ఉండాలి. గట్టిగా నొక్కాల్సి వస్తే చేయి కదులుతుంది. చేయి కదిలితే గుండు గుండ్రం దాటి పోతుంది. అందుకని మేమిద్దరం మా ఫార్టీఫైవ్ పిస్టళ్ళలో సుత్తి స్ప్రింగులు తీసి బలహీనమైనవి వేసుకున్నాం. దాంతో ఒక చిక్కు. స్ప్రింగు బలహీనమైతే సుత్తి మెల్లగా కొడుతుంది. ఆ దెబ్బకి నలగాలంటే ప్రైమర్ గిన్నె మెత్తగా ఉండాలి. మెత్తగా ఉండేవి ఒక రకమే. మిగతా రకాల గిన్నెలు మొండివి. నాలుగు పేలితే అయిదోది క్లిక్కుమని ఊరుకుంటుంది. తూటాలు మేం షాపులో కొనం, ప్రైమర్లు విడిగా కొని తెస్తే ఇద్దరికీ నేనే మా గరాజ్‌లో నింపేవాణ్ణి.

ఆ ముందు డిసెంబరు నుంచి దేశమంతా ప్రైమర్లు మాయమయ్యాయి. తుపాకుల మీద కొత్త చట్టాలొస్తాయని భయపడి జనం పెట్టెలకి పెట్టెలు కొని బేస్‌మెంట్లలో దాచుకున్నారు. షాపుల్లో అరలు బోసిపోయాయి. నా దగ్గర మెత్తనివి కొద్దిగా మిగిలాయి. ఏడాదంతా వాటిని ముట్టుకోకుండా దాచాను. కేశవరావు ఆ తెలివి చేయలేదు. అతనికి దొరికినవన్నీ మొండి రకమే.

పోటీకి ముందు ఆదివారం దసరా. ఆటోనగర్‌లో పెరిగినవాణ్ణి, ఆయుధ పూజ చేయకుండా మిషన్ చేత పని చేయించుకోవడం నాకు రాదు. ఏ యేటికాయేడు మా ఆవిడ నాగమల్లేశ్వరి గరాజ్‌లో కారుకీ, లాన్ మూవర్‌కీ, తూటాలు నింపే ప్రెస్సుకీ పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొడుతుంది. పెట్టమని చెప్పేది నేనే. ఆ రోజు పొద్దున నింపుదామని కూర్చుని, ప్రైమర్లు పళ్ళెంలో పోసి, గోడౌన్ నుంచి ఫోనొస్తే అలాగే వదిలేసి పోయాను. సాయంత్రం వచ్చేసరికి ప్రెస్సు పిడికి బంతిపూలు కట్టి ఉన్నాయి. పళ్ళెంలో ప్రైమర్ల మీద పచ్చటి చుక్కలు.

"ఇవేంటే" అన్నాను.

"పసుపు నీళ్ళు. తమలపాకుతో చల్లాను. ప్రతి యేడూ చల్లేదే కదా."

"వీటి మీద ఎవరు చల్లమన్నారు నిన్ను?"

"ఇత్తడిలా మెరుస్తుంటే అవే ముఖ్యమైనవేమో అనుకున్నా. ఆయుధం అంటే ఏదో నాకేం తెలుసు? నువ్వు చెప్పి చచ్చావా?" అంది. కోపం వస్తే ఆవిడ 'మీరు'ని పక్కన పెడుతుంది.

తప్పు ఎవరిదని వెతికితే ఏం లాభం. పళ్ళెం తెరిచి వదిలేసి పోయింది నేను. ప్రైమర్లు ఇంకెక్కడా దొరకవు. వాటిని పాత దినపత్రిక మీద పరిచి హీటర్ పక్కన పెట్టాను. రెండు రోజులకి బాగా ఎండాయి. గుడ్డతో తుడిస్తే పసుపు పోయింది. కొన్నింటిని గుండూ మందూ లేని ఖాళీ తూటా తొడుగుల్లో, అంటే కేసుల్లో, కూర్చోబెట్టి, పిస్టల్‌లో పెట్టి కొట్టి చూశాను. టప్, టప్, టప్. అన్నీ పలికాయి. నాకది చాలనిపించింది.

ప్రైమర్ పలకడం వేరు, మందును అంటించడం వేరు. మసాలా సగం చచ్చినా టప్‌మంటుంది. అగ్గిపుల్ల వెలగడం, తడి పొయ్యి రాజుకోవడం ఒకటి కావు. ఆ మాట నాకు అప్పుడు తట్టలేదు.

బుధవారం కేశవరావు భోజనానికొచ్చాడు. పండగకి పిలిస్తే రాలేకపోయాడని మా ఆవిడ మళ్ళీ పులిహోర కలిపింది.

"నాకు కూడా కొంచెం నింపిపెట్టన్నా" అన్నాడు. "నా మొండి ప్రైమర్లతో శనివారం లైన్ మీద నిలబడితే నవ్వులాటైపోద్ది."

"మీరు నాకు పోటీ కదా" అన్నాను.

"అందుకే అడిగేది. నా తూటాలు పేలక నువ్వు గెలిస్తే ఆ గెలుపు గెలుపేనా?"

ఆ మాట నాకూ నచ్చింది. అవే తూటాలతో అతన్ని ఓడిస్తేనే ఓడించినట్టు. అయినా ఉన్న సంగతి చెప్పాలి కదా.

"ఇస్తాను గానీ ఒకటుంది. మా ఆవిడ వాటికి అభిషేకం చేసింది" అని జరిగిందంతా చెప్పాను.

కేశవరావు ముద్ద నోట్లో పెట్టుకుని నవ్వాడు. "ఎండబెట్టావా?"

"ఎండబెట్టాను. కొన్ని కొట్టి చూశాను. పేలాయి."

"మరింకేంటి. అది లెడ్ కాంపౌండ్ అన్నా. డ్రై అయితే మళ్ళీ నార్మల్. ఫోరమ్‌లో చదివాను. పైగా పసుపు యాంటిసెప్టిక్. ప్రైమర్లకి జలుబు కూడా చెయ్యదు. ఏమంటారు వదిన గారూ?"

నాగమల్లేశ్వరి నవ్వలేదు. "తినండి, చల్లారిపోతుంది" అంది.

చదువుకున్నవాడు ఫర్వాలేదన్నాడు. నాకు కొండంత ధైర్యం వచ్చింది. ఆ రోజూ మర్నాడూ కూర్చుని నింపాను. ప్రతి ప్రైమరూ కేసు అడుగుకి వెంట్రుకవాసి లోపల కూర్చోవాలి. పైకి ఉబ్బి ఉంటే సుత్తి దెబ్బ దాన్ని కిందికి నెట్టడానికే సరిపోతుంది, పేలదు. ఒక్కొక్కటీ వేలితో తడిమి చూశాను. మందు తక్కువ వేశాను. గురి పోటీలకి తక్కువే వేస్తారు, పిస్టల్ ఎక్కువ ఎగరకుండా. తూటాలు చూడ్డానికి బంగారపు గొలుసులా ఉన్నాయి. సగం అతనికిచ్చాను.

శనివారం కాల్చే లైన్ మీద పక్కపక్కన నిలబడ్డాం. నా ఎడమ పక్కన కేశవరావు. వెనకాల డేల్. ముందు తీరిగ్గా కాల్చే వంతు. ఆ వంతులో నేను బాగా కాల్చాను, అతని కంటే నాలుగు పాయింట్లు ముందున్నాను. తర్వాత ఇరవై సెకన్లలో అయిదు కాల్చే వంతు. మూడో తూటా దగ్గర నాది క్లిక్కుమంది.

అలాంటప్పుడు పిస్టల్‌ని ముట్టుకోకుండా ఎడమ చెయ్యి పైకెత్తాలి. డేల్ వచ్చి చూస్తాడు. తప్పు తుపాకిదో తూటాదో అయితే ఆ వంతు మళ్ళీ కాల్చనిస్తాడు. కానీ పోటీ మొత్తానికి ఒక్కసారే. రెండోసారి మొరాయిస్తే పేలనివన్నీ సున్నాలే. డేల్ తూటా తీసి అడుగు చూశాడు. సుత్తి దెబ్బ బాగానే పడింది, ప్రైమరే పలకలేదు అన్నాడు. మళ్ళీ కాల్చాను. అయిదూ పేలాయి. తర్వాతి వంతులో కేశవరావుది కూడా క్లిక్కుమంది. అతనూ చెయ్యెత్తాడు, అతనికీ మళ్ళీ ఇచ్చారు.

అట్టలు మార్చే విరామంలో అతని దగ్గరికి వెళ్ళాను.

"కేశవరావు గారూ, ఇవి బాలేవు. ఆపేద్దామా? డేల్‌కి చెప్పి వచ్చేవారం పెట్టుకుందాం."

"వచ్చేవారం నేను ఓహియో వెళ్ళాలి అన్నా. లీగ్ పేర్లు ఇవాళ పంపేస్తున్నారు. నీకొకటి, నాకొకటి. ఈక్వలే కదా."

"మళ్ళీ పేలకపోతే?"

"పేలకపోతే సున్నా. చావం కదా" అన్నాడు.

నేనూ ఊరుకున్నాను. అప్పటికి నేను ముందున్నాను మరి.

ఆఖరిది పది సెకన్లలో అయిదు. అందులో ఆలోచించే టైముండదు. అట్ట మన వైపు తిరుగుతుంది, చెయ్యి లేస్తుంది, వేలు నొక్కుతూ పోతుంది. నేను మూడు కాల్చాను. మూడూ నల్లటి నడిమికే పోయాయని చేతికి తెలుస్తోంది. అప్పుడు ఎడమ పక్క నుంచి ఒక శబ్దం వచ్చింది. పేలిన శబ్దం కాదు, క్లిక్కూ కాదు. కుక్కర్ మూత ఆవిరి వదిలినట్టు, ఉస్సుమని.

ఆ శబ్దం ఏమిటో తూటాలు నింపే ప్రతివాడికీ తెలుసు. ప్రైమర్ పలికింది, మందు అంటుకోలేదు. ప్రైమర్ ఒక్కటే గుండును గొట్టంలోకి తోసి నడిమధ్యలో వదిలేసింది. గొట్టానికి బిరడా పడినట్టయింది. ఇప్పుడు వెనకనుంచి ఇంకో గుండు కాలిస్తే గొట్టం పగులుతుంది. పట్టుకున్న చెయ్యి దగ్గరే పగులుతుంది.

కేశవరావుకి చెయ్యెత్తే అవకాశం అయిపోయింది. పక్క చూపులో అతని ఎడమ చెయ్యి పిస్టల్ మీదికి పోవడం చూశాను. దాని పైనుండే స్లయిడ్ వెనక్కి లాగాడు. కొత్త తూటా లోపలికెళ్ళింది. చేయి మళ్ళీ అట్ట మీదికి లేస్తోంది.

నేను పిస్టల్ బల్ల మీద పడేసి "సీజ్ ఫైర్" అని అరిచాను. ఆ మాట ఎవరైనా అనొచ్చు, ఎవరన్నా అందరూ ఆగాలి. అతను ఆగడేమోనని అతని మణికట్టు పట్టుకుని బల్లకి అదిమాను. పది సెకన్లు అయిపోయి అట్టలు పక్కకి తిరిగాయి. నా పిస్టల్‌లో రెండు తూటాలు అలాగే ఉన్నాయి.

డేల్ కేశవరావు పిస్టల్ ఖాళీ చేసి, విప్పి, గొట్టంలోకి ఇత్తడి కడ్డీ దించాడు. కడ్డీ సగంలో ఆగింది.  కేశవరావు తన కుడిచేతి వంక చూసుకున్నాడు. 

"ఎవరు నింపారివి?" అన్నాడు డేల్.

"నేను" అన్నాను.

"ప్రైమర్లు తడిశాయా?"

నా ఇంగ్లిష్ గోడౌన్ ఇంగ్లిష్. పెట్టెలకీ, లారీలకీ సరిపోతుంది. "వాటర్" అన్నాను. "మై వైఫ్, ఫెస్టివల్..."

కేశవరావు పక్కనుంచి తెలుగులో గొంతు తగ్గించి అన్నాడు. "అన్నా, పూజ గీజ అని ఎత్తకు. తుపాకులకి పూజలంటే వీళ్ళు మనల్ని ఇంకోలా చూస్తారు. ఇద్దర్నీ బయటికి గెంటుతారు. నువ్వుండు, నేను మాట్లాడతా."

తలూపాను. నాకంటే మాట తెలిసినవాడు కదా అనుకున్నాను.

అతను డేల్ వైపు తిరిగి చక్కటి ఇంగ్లిష్‌లో చెప్పాడు. ఇంట్లో ప్రైమర్లు తడిశాయట, ఎండితే ఫర్వాలేదని మా వాడు అనుకున్నాడట, ఆ సంగతి నాకు ఇప్పుడే తెలుస్తోంది, తెలిస్తే ఇలాంటివి మీ లైన్ మీదికి తెస్తానా అని. నాకు ఇంగ్లిష్ మాట్లాడటం రాదు గానీ, వినడం వచ్చు.

"హీ నో" అన్నాను. "హీ నో బిఫోర్." అతనికి ముందే తెలుసని నా ఉద్దేశం.

డేల్ కేశవరావు వంక చూశాడు. కేశవరావు నా భుజం మీద చెయ్యి వేసి, కొంచెం షాక్‌లో ఉన్నాడు, పాపం, పాత స్నేహితులం అన్నాడు. ఇందాక నేను బల్లకి అదిమిన చెయ్యే అది.

డేల్ చెడ్డవాడు కాదు. నన్ను పక్కకి తీసుకెళ్ళి, నిదానంగా, నాకు అర్థమయ్యేలా చెప్పాడు. నువ్వు అరవకపోతే ఇవాళ వాడి వేళ్ళు పోయేవి, అది నేను మర్చిపోను. కానీ తడిసినవని తెలిసీ ఈ లైన్ మీదికి తెచ్చినవాణ్ణి ఈ సీజన్‌కి నిలబెట్టలేను. వచ్చే యేడు రా. దానికి నేనేం అనగలను. ఆయన అన్నదాంట్లో ఒక్క మాటా తప్పు కాదు. ఇద్దరికీ తగలాల్సింది నా ఒక్కడికే తగిలింది, అంతే.

కేశవరావు వంతు నా సీజ్ ఫైర్‌తో, అతని తప్పు లేకుండా ఆగింది కాబట్టి మళ్ళీ ఇచ్చారు. డేల్ తన పిస్టలూ, షాపులో కొన్న తూటాలూ ఇచ్చాడు. అయిదూ నల్లటి గుండ్రంలోనే పడ్డాయి. నా అట్ట మీద మూడే చిల్లులు. అవి బాగా పడ్డాయి, మూడింటినీ ఒక పావలా బిళ్ళతో కప్పొచ్చు. ఆ అట్టని ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇంటికొచ్చి నాగమల్లేశ్వరికి చెప్పాను.

"నా నీళ్ళ వల్లేనా?" అంది.

"నీళ్ళ వల్ల తడిశాయి. లైన్ మీదికి తీసుకెళ్ళింది మాత్రం నేను."

"ఆయనకి తెలుసుగా. ఇక్కడే కూర్చుని తింటూ జోకులేశాడు."

"తెలియదని చెప్పాడు."

ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టింది. "మరి నువ్వేం చేశావు?"

"హీ నో అన్నాను."

 ఆ పూట ఇద్దరం భోజనం చేయలేదు.

ఓహియో నుంచి వచ్చాక, ఆదివారం మధ్యాహ్నం కేశవరావు కారు మా ఇంటి ముందు ఆగింది. గరాజ్ తలుపు ఎత్తి ఉంది. చేతిలో అట్టపెట్టెతో నేరుగా లోపలికే వచ్చాడు.

"మెత్తనివి దొరికాయన్నా. కొలంబస్‌లో గన్ షోలో ముసలాయన దగ్గర. వచ్చే శనివారం ఫస్ట్ మ్యాచ్. కొంచెం నింపిపెట్టు. సగం నువ్వే ఉంచుకో."

నేను లేవలేదు. "డేల్‌కి చెప్పావా?"

నేను 'మీరు' అనలేదని అతను గమనించాడు. అయినా పైకి కనపడనివ్వలేదు. "ఏం చెప్పాలి?"

"నీకు ముందే తెలుసని."

"చెప్తే నన్నూ తీసేస్తాడు. దాంతో నీకేం ఒరుగుతుంది?"

"ఏమీ ఒరగదు."

"మరి?"

"అయినా చెప్పు."

పెట్టె బెంచీ మీద పెట్టి నిట్టూర్చాడు. "సీజన్ అయ్యాక చెప్తాలే. ప్రామిస్. నువ్వు మనసులో పెట్టుకోకన్నా. అసలు నీ చెయ్యి లోడింగ్‌కి పుట్టిన చెయ్యి. ఎంత నీట్‌గా నింపుతావు. షూటింగ్ నీకెందుకు చెప్పు? ఎవరి పని వాళ్ళు చేసుకుంటే అందరికీ బాగుంటుంది."

వంటింటి తలుపులో నాగమల్లేశ్వరి వచ్చి నిలబడింది. టీ పెట్టనా అని అడగలేదు. అతను ఆవిణ్ణి చూసి, "బాగున్నారా వదిన గారూ" అన్నాడు. 

నేను పెట్టె తీసి అతని చేతుల్లో పెట్టాను.

"నీ చెయ్యి ఉంది కదా" అన్నాను. "దాంతో నింపుకో."

"అన్నా, నాకు ప్రెస్సే సరిగ్గా తిప్పడం రాదని నీకు తెలుసు."

"తెలుసు."

 పెట్టె చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. డ్రైవ్‌వే దాకా వెళ్ళాక నేను గరాజ్ తలుపు దించేశాను. తలుపు అవతల కారు చాలాసేపటికి గానీ స్టార్ట్ కాలేదు.